‘లేక్ వ్యూ’ ఇంటికి బయానా ఇవ్వొచ్చా?

ప్రశ్న

మాది హనుమకొండ. నేను సర్కారు బడిలో టీచర్‌ని, బడి హసన్‌పర్తి మండలంలో. మా ఆయన హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తారు. సోమవారం తెల్లవారుజామున కాజీపేటలో రైలెక్కితే మళ్లీ శుక్రవారం రాత్రికే ఇంటికి రావడం. ఇద్దరు పిల్లలు, మాతోపాటు 71 ఏళ్ల మామయ్య. పదకొండేళ్లుగా కిరాయి ఇళ్లలోనే ఉంటున్నాం. చేతిలో 24 లక్షలున్నాయి. ఇద్దరి జీతాలు కలిపి నెలకు లక్షా 43 వేలు వస్తాయి.

రెండు ఇళ్లు చూశాం. ఒకటి భీమారం దాటాక ఒక కొత్త కాలనీలో డూప్లెక్స్. 160 గజాలు, 82 లక్షలు. చిన్న బిల్డరు ఒకాయన కట్టి అమ్ముతున్నాడు. ఇంటి వెనక కుంట ఉంది, ‘లేక్ వ్యూ’ అంటున్నారు. ప్లాటుకు ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్‌లోని ప్లాటును క్రమబద్ధీకరించే పథకం) ఫీజు కట్టామన్నారు. 50 లక్షలకు రిజిస్ట్రేషన్ చేస్తారట, మిగతా 32 లక్షలు నగదుగా ఇవ్వాలట. కుంట సంగతి అడిగితే ‘చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా మన వరంగల్‌కు రాదు మేడమ్, భయపడకండి’ అన్నాడు ఏజెంటు. రెండోది సుబేదారి వెనక అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు ఫ్లాట్. 20 ఫ్లాట్ల బిల్డింగు, 1,320 చదరపు అడుగులు, 60 లక్షలు. ఫ్లాట్ పేరెత్తితే మామయ్య ‘కాలి కింద నేల లేని ఇల్లు ఒక ఇల్లేనా’ అని ముఖం తిప్పుకుంటున్నారు. మా ఆయనదీ అదే మాట. శ్రావణం రాగానే ఐదు లక్షలు పెరుగుతుంది, ఈలోపు రెండు లక్షలు బయానా ఇచ్చి పెట్టుకోమని ఏజెంటు రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఇవ్వొచ్చా?

— ఒక టీచర్, హనుమకొండ

సమాధానం

బయానా ఇవ్వకండమ్మా. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ఏజెంటు మళ్లీ ఫోన్ చేస్తే ‘ఆషాఢంలో బయానా వద్దని మా మామయ్య అన్నారు’ అనండి. రేటు గురించి వాదిస్తే అతని దగ్గర పది జవాబులుంటాయి. ఆచారం మాటకు మాత్రం ఒక్కటీ ఉండదు.

ఆషాఢంలో ఇల్లు కొనరు, గృహప్రవేశం చేయరు. కానీ ఇల్లు చూడటానికి ఇంతకంటే మంచి నెల లేదు. ఎండాకాలంలో ఏ కాలనీ అయినా బాగానే కనపడుతుంది. మట్టిరోడ్డు గట్టిగా ఉంటుంది, మోరీ ఎండిపోయి ఉంటుంది, ఇంటి వెనక కుంట ఉంటే అది పిల్లలు క్రికెట్ ఆడుకునే మైదానంలా ఉంటుంది. మీరు ఆ ఇల్లు చూసింది ఎప్పుడో రాయలేదు. నా అనుమానం, మే నెలలో.

మన దగ్గర ఇల్లు కొనడమంటే ముందు నీళ్ల లెక్క, తర్వాతే రూపాయల లెక్క. కాకతీయుల కాలం నుంచి ఈ ప్రాంతంలో చెరువులు గొలుసుకట్టుగా ఉన్నాయి. పై చెరువు నిండితే మత్తడి (అలుగు) దూకుతుంది, ఆ నీళ్లు వాగు పట్టుకుని కింది చెరువుకు చేరతాయి. ఆ వాగు దారిలోనే మనం కాలనీలు కట్టుకున్నాం. 2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అదే వారం ఇక్కడ నయీంనగర్, హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్, సంతోషిమాత కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడింది. అంతకుముందు 2020 ఆగస్టులోనూ పడవలేసుకుని జనాన్ని బయటికి తెచ్చారు. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపానుకు మళ్లీ అదే పరిస్థితి. ఆరేళ్లలో మూడుసార్లు. మీరు 20 ఏళ్ల లోన్ తీసుకోబోతున్నారు.

పేపర్లో చదివి చెప్పే మాట కాదిది. బ్యాంకులో 28 ఏళ్లు ఇంటి లోన్ల ఫైళ్లు చూసి రిటైరైనవాణ్ని. 2009లో మా తమ్ముడు హంటర్ రోడ్డుకు లోపల ఇల్లు కొంటుంటే కాగితాలన్నీ నేనే చూశాను. లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల కాగితాలు) ఉన్నాయి, ఈసీ (ఆస్తి మీద అమ్మకాలు, తనఖాల చిట్టా) శుభ్రంగా ఉంది, పర్మిషన్ ఉంది. ‘కళ్లు మూసుకుని కొనుక్కో’ అన్నాను. అది ఏప్రిల్ నెల. ఆ వీధిలో పాత ఇళ్లన్నిటికీ ఐదారు మెట్లున్నాయి, తమ్ముడు కొంటున్న కొత్త ఇంటికి రెండే మెట్లు. పాతవాళ్లు అంత ఎత్తు ఎందుకు కట్టుకున్నారో ఒక్కరిని కూడా అడగలేదు నేను. 2023లో నీళ్లు దిగాక వెళ్లి చూస్తే హాలు గోడ మీద నా నడుము ఎత్తున గోధుమరంగు గీత, స్కేలు పెట్టి గీసినట్టు. ఫ్రిజ్ వెల్లకిలా పడి ఉంది. టేకు బీరువా తలుపు నీళ్లకు ఉబ్బి తెరుచుకోవడం లేదు, ఇంటి డాక్యుమెంట్లు అందులోనే ఉన్నాయి. గడ్డపారతో తలుపు పెకిలించి, నేను ‘శుభ్రంగా ఉన్నాయి’ అని చెప్పిన ఆ కాగితాలను ఒక్కొక్కటే విడదీసి మిద్దె మీద ఆరబెట్టాం. ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో గులకరాయి. తమ్ముడు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అప్పటి నుంచి ఎవరు ఇల్లు చూడమన్నా కాగితాలు తర్వాత అడుగుతున్నాను. గట్టి వాన పడిన మర్నాడు వెళ్తాను. ఇంటి లోపలికి కాదు, ముందు వీధంతా నడుస్తాను. పక్కిళ్ల కరెంటు మీటర్లు ఎంత ఎత్తులో పెట్టుకున్నారో చూస్తాను. కాంపౌండు గోడ మీద నాచు ఎక్కడిదాకా ఉందో చూస్తాను. ఆ వీధికి కొత్తగా సీసీ రోడ్డు పడితే పాత ఇళ్ల గుమ్మాలు రోడ్డుకంటే కిందికి పోయాయా అని చూస్తాను. రోడ్డు మీద రోడ్డు పోసుకుంటూ పోవడం మనకు అలవాటు కదా. మొన్నామధ్య స్నేహితుడి కొడుకు కోసం ఒక కాలనీకి వెళ్లాం. మూలమీది కిరాణా కొట్లో అగ్గిపెట్టె కొంటూ చూస్తే కింది అర పొడుగూతా ఖాళీ. పైన మాత్రం సరుకులు కిక్కిరిసి ఉన్నాయి. ఏందమ్మా ఇది అంటే ‘కింది అరలో ఏం పెట్టం సార్, రెండుసార్లు ఉప్పు బస్తాలన్నీ కరిగిపోయినయి’ అందామె. స్నేహితుడి కొడుకు నా వైపు చూశాడు. ఇద్దరం బండెక్కి వచ్చేశాం. ఏ ఇంజనీరూ అంత తొందరగా రిపోర్టు ఇవ్వడు.

మీ కుంట దగ్గరికి వద్దాం. హైడ్రా వరంగల్‌కు రాదన్నాడు ఏజెంటు. నిజమే, 2024లో పెట్టిన ఆ సంస్థ పరిధి హైదరాబాద్ ఔటర్ రింగురోడ్డు వరకే. హైడ్రా రాదు సరే, వాన వస్తుందిగా. పైగా చెరువుల రూలు హైడ్రాతో పుట్టింది కాదు. 2012 నాటి జీవో 168 రాష్ట్రమంతటికీ ఉంది. పది హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు దాటిన చెరువైతే ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) గీత నుంచి 30 మీటర్ల లోపు కట్టకూడదు. అంతకంటే చిన్న చెరువు, కుంట, శిఖం భూమి (చెరువు నిండితే మునిగే నేల) అయితే 9 మీటర్లు. పది మీటర్ల వెడల్పు దాటిన వాగుకు, నాలాకు 9 మీటర్లు, అంతకు చిన్నదైతే 2 మీటర్లు. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఆ 9 మీటర్లు కొలవాల్సింది ఈరోజు నీళ్లు కనపడే అంచు నుంచి కాదు, కుంట పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే గీత నుంచి. ఎండాకాలంలో ఆ గీత మీ డూప్లెక్స్ హాలు మధ్యలోంచి పోతున్నా కంటికి కనపడదు.

ఆ గీత ఎక్కడుందో ఇరిగేషన్ వాళ్ల దగ్గర, తహసీల్దారు ఆఫీసులో తెలుస్తుంది. సర్వే నంబరు పట్టుకుని వెళ్లండి. గ్రామ నక్షా (పటం) అడగండి, పాత భూమి రికార్డు, అంటే 1954-55 ఖాస్రా పహాణీలో ఆ నంబరు ఎదురుగా ఏం రాసుందో చూడండి. ‘శిఖం’ అని గాని ‘సర్కారీ’ అని గాని ఉంటే అక్కడితో ఆపేయండి. ‘లావణి పట్టా’ అంటే అసైన్డ్ భూమి, దాన్నీ అమ్మడానికి లేదు. రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత జాబితా, అదే 22ఎ జాబితా, ఆన్‌లైన్‌లోనే ఉంది. ఈసీ కూడా 1983 నుంచి ఆన్‌లైన్‌లో వస్తుంది. ఏజెంటు తెచ్చిచ్చిన ఈసీ మీద ఆధారపడకుండా మీరే తీయండి. ఏజెంట్లు ఒక్క సర్వే నంబరుకు తీసి, పక్క నంబరులోని ముక్కను వదిలేసిన ఫైళ్లు నేను చూశాను.

ఎల్‌ఆర్‌ఎస్ కట్టామన్నారు. ఏం కట్టారు? 2020లో ప్లాటుకు వెయ్యి రూపాయలు కట్టి లక్షలమంది దరఖాస్తు చేసుకున్నారు. ఆ రసీదును చూపించి ‘ఎల్‌ఆర్‌ఎస్ అయిపోయింది’ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది దరఖాస్తు రసీదు, అంతే. మీకు కావాల్సింది ఫీజు మొత్తం కట్టాక వచ్చే క్రమబద్ధీకరణ ఉత్తర్వు, అదే ప్రొసీడింగ్స్. చెరువు శిఖంలో, ఎఫ్‌టీఎల్ లోపల ఉన్న ప్లాటును ఆ పథకం క్రమబద్ధీకరించదు కూడా. ప్రొసీడింగ్స్ చేతికి రాలేదంటే ఎందుకు రాలేదో ఊహించుకోవచ్చు. ఇక కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) లేఅవుట్ అనుమతి ఉందంటే తాత్కాలికమా, తుది అనుమతా అని అడగండి. మొదటిదానితో రోడ్లు, మోరీలు వేయడానికి మాత్రమే అనుమతి వచ్చినట్టు.

ఇంకో సంగతి. 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 598 గజాలు దాటిన స్థలం గాని, ఎనిమిదికి మించి ఫ్లాట్లు గాని ఉంటేనే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 160 గజాల్లో ఒక్క ఇల్లు కట్టి అమ్మే చిన్న బిల్డరు దాని కిందికి రాడు. రెరా ఉన్న చోట నిర్మాణంలో లోపం బయటపడితే ఐదేళ్ల దాకా బిల్డరే సొంత ఖర్చుతో బాగుచేయాలి. మీ డూప్లెక్స్‌కు ఆ కాపలా లేదు. స్లాబు కారితే ఫోన్ చేయడం, ఆయన ఎత్తకపోవడం, అంతే. కాబట్టి కుంట గొడవ లేని ఇండిపెండెంట్ ఇల్లు ఎక్కడ చూసినా మీకు తెలిసిన సివిల్ ఇంజనీరునో, నాలుగు ఇళ్లు కట్టిన మేస్త్రినో వెంట తీసుకెళ్లండి. మూడు నాలుగు వేలు ఖర్చయినా పర్వాలేదు. నల్లరేగడి నేలైతే పునాది ఎంత లోతు తీశారు, ప్లింత్ బీము ఉందా అని వాళ్లకే అడగడం వచ్చు. మనం అడిగితే ‘అన్నీ స్ట్రాంగే మేడమ్’ అంటారు.

ఇక ఆ 32 లక్షల నగదు మాట. ఇది నాకు కుంటకంటే ఎక్కువ కోపం తెప్పించింది. కూర్చుని లెక్క వేద్దాం. కాగితం మీద 50 లక్షలుంటే బ్యాంకు అందులో 80 శాతం, 40 లక్షలు ఇస్తుంది. మిగతా 10 లక్షలు మీవి, 32 లక్షల నగదు మీదే, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి ఏడున్నర శాతం చొప్పున 3 లక్షల 75 వేలు. మొత్తం 45 లక్షల 75 వేలు మీ చేతిలో ఉండాలి. ఉన్నవి 24. మిగిలిన దాదాపు 22 లక్షలకు బంగారం కుదవపెట్టాలి, లేదా పర్సనల్ లోన్, లేదా చుట్టాలు. ఏజెంటు రిజిస్ట్రేషన్ ఖర్చు రెండు లక్షలకు పైగా తగ్గుతుందని చెప్పి ఉంటాడు. ఆ రెండు లక్షల కోసం మీరు 22 లక్షల చేబదులు మోయాలి.

అది ఒక ఎత్తు, మీరు సర్కారు ఉద్యోగి కావడం ఇంకో ఎత్తు. స్థిరాస్తి కొనేముందు శాఖకు తెలియజేయాలి, డబ్బు ఎక్కడిదో చూపించాలి, ఏటా ఆస్తుల వివరాల్లో రాయాలి. ఆ 32 లక్షలు ఏ గడిలో రాస్తారు? స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకున్నవాడికి అంత మొత్తమూ జరిమానా పడొచ్చు. మీకొచ్చే నష్టం తర్వాత తెలుస్తుంది. పదేళ్లకు ఇల్లు అమ్మాల్సి వస్తే మీరు కొన్న ధర 50 లక్షలనే లెక్క, మిగతా 32 లక్షలకు కూడా లాభం కిందే పన్ను. అసలు సంగతి, రిజిస్ట్రేషన్ ఆగిపోతే ఆ నగదు ఇచ్చినట్టు మీ దగ్గర ఒక్క చీటీ ఉండదు.

82 లక్షలూ తెల్లగా రాస్తే ఎలా ఉంటుందో కూడా చూద్దాం. లోన్ 65 లక్షల 60 వేలు, మీ వాటా 16 లక్షల 40 వేలు, రిజిస్ట్రేషన్ 6 లక్షల 15 వేలు. 24 లక్షల్లో లక్షన్నర కూడా మిగలదు. అల్మారాలు, గ్రిల్స్, సంపు మోటారు, సత్యనారాయణ వ్రతం, అన్నీ అందులోనే. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్ల లోన్ అయితే లక్షకు నెలకు సుమారు 868 రూపాయల ఈఎమ్‌ఐ పడుతుంది. ఈ లెక్కన నెలకు దాదాపు 57 వేలు. లక్షా 43 వేల జీతంలో 57 వేలు పోతే బతకలేరని కాదు. కానీ అందులో ఒకటి ప్రైవేటు ఉద్యోగం. ఆర్నెల్లు ఆ జీతం ఆగితే ఏమవుతుందో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారా?

బ్యాంకు లోన్ ఇస్తానంది కాబట్టి అంతా బాగున్నట్టే అనుకునేవాళ్లు చాలామంది. ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ని కాబట్టి చెబుతున్నాను, బ్యాంకు చూసుకునేది బ్యాంకు డబ్బు. మా వాల్యుయర్ వచ్చి పది నిమిషాలుండి నాలుగు ఫొటోలు తీసుకునేవాడు. వెనక కుంట ఉంటే, ఫొటోలో అది బాగా పడితే, ‘ప్లెజంట్ సరౌండింగ్స్’ అని రాసిన రిపోర్టు కూడా నేను చదివాను.

ఇప్పుడు ఫ్లాట్. 60 లక్షలకు 80 శాతం లోన్ 48 లక్షలు, మీవి 12 లక్షలు, రిజిస్ట్రేషన్ నాలుగున్నర లక్షలు. చేతిలో ఏడున్నర లక్షలు మిగులుతాయి, ఈఎమ్‌ఐ దాదాపు 41,700. డబ్బు పరంగా మీ కుటుంబానికి సరిపోయేది ఇదే. 50 లక్షలు, ఆపైన ధర కాబట్టి అమ్మేవాళ్లకిచ్చే దాంట్లోంచే ఒక శాతం టీడీఎస్ పట్టి ప్రభుత్వానికి కట్టడం మరవకండి. మరిస్తే నోటీసు మీ పేరున వస్తుంది.

అయితే ఫ్లాట్ అనగానే కళ్లు మూసుకోనక్కర్లేదు. అడగాల్సినవి అక్కడా ఉన్నాయి. 20 ఫ్లాట్లంటే రెరా నంబరు ఉండాలి, అది రెరా వెబ్‌సైట్‌లో కనపడాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నివాసానికి అనుమతి పత్రం) వచ్చిందా? వచ్చి ఉంటే జీఎస్టీ లేదు. రాకపోతే అది ఇంకా కడుతున్న ఫ్లాటే, ఐదు శాతం పడుతుంది, 60 లక్షల మీద 3 లక్షలు. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది. బిల్డింగు పర్మిషన్ ఇచ్చేటప్పుడు కట్టిన దాంట్లో పది శాతాన్ని కార్పొరేషన్ తనఖా పెట్టుకుంటుంది, ప్లాను ప్రకారం కట్టాడని తేలాక విడిచిపెడుతుంది. 20 ఫ్లాట్లలో ఆ రెండు ఏవి? మీకు చూపించింది వాటిలో ఒకటైతే తనఖా విడిపించిన కాగితం చూపించమనండి.

1,320 చదరపు అడుగులన్నది సూపర్ బిల్టప్. మెట్లు, లిఫ్టు, వరండా అన్నీ అందులో కలిపేసి చెబుతారు. గోడ నుంచి గోడకు టేపు పట్టి మీరే కొలుచుకోండి, కార్పెట్ ఏరియా ఎంతో తేలుతుంది. సేల్ డీడ్‌లో మీ వాటా భూమి, యూడీఎస్, ఎన్ని గజాలో అంకెల్లో రాయించండి. ఉదాహరణకు 760 గజాల మీద 20 ఫ్లాట్లు సమానంగా ఉంటే ఒక్కోదానికి 38 గజాలు రావాలి. మీ మామయ్య అడిగే నేల ఇదే, 38 గజాలు, కాకపోతే కంటికి కనపడదు.

ఎక్కడ కొన్నా రోజూ బతికేది కాగితాలతో కాదు, మోరీతో, నల్లాతో. మన దగ్గర చాలా కాలనీలకు భూగర్భ డ్రైనేజీ లేదు. సెప్టిక్ ట్యాంకు నిండితే ఎటు వదులుతున్నారో అడగండి. కొత్త కాలనీల్లో పక్క ఖాళీ ప్లాటులోకి వదలడం మామూలు, ఆ ప్లాటాయన ఇల్లు మొదలుపెట్టిన రోజు గొడవ మొదలవుతుంది. నల్లా నీళ్లు వారానికి ఎన్నిసార్లు వస్తున్నాయో ఇంటి ఓనరును కాదు, ఆ వీధి ఆడవాళ్లను అడగండి. మనది బండ నేల, ఒక ఇంట్లో బోరు పోసినట్టు పక్కింట్లో పోయదు. ఏప్రిల్‌లో ట్యాంకర్లు వచ్చాయా అని కూడా. ఇంకోటి, కోతులు. నవ్వకండి. హనుమకొండలో ఉంటున్నారు కాబట్టి మీకు చెప్పక్కర్లేదు. డూప్లెక్స్ మిద్దె మీద పచ్చళ్లు ఆరబెట్టుకోవచ్చని ఎవరైనా ఆశపెడితే మాత్రం నమ్మకండి. ఏ ఇల్లయినా గ్రిల్స్ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

బడికి దగ్గరని భీమారం వైపు చూశారనుకుంటాను. టీచర్లకు బదిలీలుంటాయి, ఇల్లు బదిలీ కాదు. మీ ఇంట్లో ప్రతి వారం తప్పని ప్రయాణం మీ ఆయనది. ఒక సోమవారం తెల్లవారుజామున ఆ కొత్త కాలనీ నుంచి కాజీపేట స్టేషన్ దాకా బండి మీద వెళ్లి రమ్మనండి, శుక్రవారం రాత్రి వానలో ఆటో దొరుకుతుందో లేదో కూడా చూడమనండి. సుబేదారి నుంచి కూడా ఒకసారి. ఏ ఇల్లు కావాలో ఆయనే చెబుతారు.

మామయ్య సంగతి చివరికి పెట్టింది తేలికని కాదు. 71 ఏళ్ల మనిషి, ఇల్లంటే వాకిలి, వాకిట్లో మంచం, గేటు దగ్గర నిలబడితే పలకరించే మనుషులు. మూడో అంతస్తు అనగానే ఆయనకు ముందు కనపడేది ఆ పలకరింపు పోవడం. దాన్ని ‘చాదస్తం’ అనకండి. అయితే డూప్లెక్స్‌లో ఆయన గది పైనా కిందా? కింద ఒక్క గదే ఉంటే, దానికి అటాచ్డ్ బాత్రూమ్ లేకపోతే, రాత్రిపూట మెట్లు ఎక్కి దిగాల్సింది ఆయనే. ఫ్లాట్‌కు లిఫ్టుంది. కరెంటు పోతే లిఫ్టుకు జనరేటర్ ఉందా, కింద సెల్లారులో కార్లు కాకుండా నలుగురు కూర్చునే అరుగేమైనా ఉందా, సాయంత్రం అక్కడ పెద్దవాళ్లెవరైనా కనపడుతున్నారా? ఆయన్ని ఒక సాయంత్రం అక్కడికి తీసుకెళ్లి అరగంట వదిలేయండి. ఇల్లు చూపించొద్దు, ఊరికే కూర్చోబెట్టండి.

అంతకంటే ముందు ఆ కుంట దగ్గరికి తీసుకెళ్లండి. మీ ఉత్తరంలో ఆయన ఏం పని చేసేవారో రాయలేదు. కానీ ఆ వయసువాళ్లలో ఎక్కువమంది పొలం చేసి వచ్చినవాళ్లే. అదే నిజమైతే మీ ఇంట్లోనే ఇంజనీరు ఉన్నట్టు. ఇంటి రేటు, ఎలివేషన్, మాడ్యులర్ కిచెన్, ఏదీ చెప్పకండి. కట్ట మీద నిలబెట్టి ఒక్కటే అడగండి: ‘మామయ్యా, ఇది నిండితే నీళ్లు ఎటు పోతయి?’ ఆయన మత్తడి ఎక్కడుందో వెతుకుతారు, తూము చూస్తారు, చేయి చాపి నీళ్ల దారి చూపిస్తారు. ఆ చేయి మీ డూప్లెక్స్ వైపు చూపిస్తే ఇక ఏజెంటుతో మాట్లాడే పని ఆయనకే వదిలేయండి. ‘నేల లేని ఇల్లు’ అన్న మనిషే ‘ఈ నేల వద్దు’ అంటే మీ ఆయన కూడా కాదనరు.

ఒకవేళ మత్తడి అవతలి వైపుందని, ఈ ఇల్లు ఎత్తు మీద ఉందని ఆయన అంటే నాకు మళ్లీ రాయండి. అప్పుడు ప్రొసీడింగ్స్, ఖాస్రా పహాణీ, ఎఫ్‌టీఎల్ గీత ఉన్న నక్షా, మూడూ జతచేయండి. 82 లక్షలూ తెల్లగా రాసుకుంటానని బిల్డరు ఒప్పుకుంటేనే ఆ పని పెట్టుకోండి. ఫ్లాట్ అయినా, ఇల్లయినా బయానా ఇచ్చే రోజు వస్తే చెక్కు రూపంలోనే ఇవ్వండి, వెనక్కి ఎప్పుడు ఇవ్వాలో స్టాంపు పేపరు మీద రాయించుకోండి. రెరా ఉన్న ప్రాజెక్టులో రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా పది శాతానికి మించి తీసుకునే హక్కు బిల్డరుకు లేదు.

ఈ ఆదివారం వాన పడితే కట్ట మీద జారుడుగా ఉంటుంది. మామయ్యకు చేతికర్ర ఇచ్చి తీసుకెళ్లండి.